నా అనుభవం: ఓడ అడుగున మళ్లీ మళ్లీ తేలిన గీత

నిన్న రాత్రి మాస్కింగ్ టేపు ఊడదీశాను. కింద ఎరుపు, మధ్యలో నల్లపట్టీ, పైన బూడిదరంగు, మూడూ కోసినట్టు విడివిడిగా వచ్చాయి. ఇది బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ హుడ్‌కు 1/600 స్కేలు ప్లాస్టిక్ మోడల్ కిట్. అసలు ఓడ 262 మీటర్లు, నా బల్ల మీద 437 మిల్లీమీటర్లు. హల్ (ఓడ దేహం) ఒక్కదానికే ముప్ఫయి ఎనిమిది రోజులు పట్టింది. అందులో ఇరవై ఎనిమిది రోజుల్ని కీల్ (ఓడ అడుగున వెన్నులా సాగే భాగం) వెంట, హల్ రెండు సగాలు కలిసే అతుకు మీద తేలిన వెంట్రుకంత గీత మింగేసింది. చేతికి ఇంకా థిన్నర్ వాసన పోలేదు, మరిచిపోకముందే రాసేస్తున్నా.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ముక్కల్ని గిన్నెలు తోమే సబ్బునీళ్లతో కడగాలి, అచ్చులో పూసిన నూనె పోకపోతే రంగు పట్టదు. ఒక సగం ముక్కు దగ్గర రెండు మిల్లీమీటర్లు లోపలికి వంగి ఉండింది. చెయ్యి పెట్టగలిగినంత వేడినీళ్లలో కాసేపు ఉంచి, వేళ్లతో సరిచేసి, చన్నీళ్లలో ముంచాను. మరుగుతున్న నీళ్లు పోయకండి, అప్పడంలా ముడుచుకుపోతుంది.

ముక్కు పక్కన మూడు సెంటీమీటర్ల పగులు కూడా ఉండింది. పగులు ఆగిన చోట 0.5 మి.మీ. డ్రిల్లుతో చిన్న రంధ్రం పెట్టాలి. లేకపోతే పట్టుకున్నప్పుడల్లా అది ఇంకాస్త పాకుతుంది. తర్వాత మోడల్ ముక్కల్ని అతికించే పల్చటి సిమెంటు బ్రష్షుతో తాకిస్తే పగులులోకి దానంతటదే పీల్చుకుంటుంది. లోపలివైపు పట్టీ వేయాలి. చాలామంది పాత ఏటీఎం కార్డు కోసి వేయమంటారు. ఆ కార్డు పీవీసీ, ఓడ పాలిస్టైరీన్, ఈ సిమెంటుతో రెండూ సరిగా కలవవు. అడుగున త్రిభుజంలో 6 అంకె ఉన్న పెరుగు కప్పు వెతకండి, అది పాలిస్టైరీనే. దాని ముక్క బాగా అతుక్కుంది.

రెండు సగాలు కలపడం కూడా కష్టమేమీ కాలేదు. లోపల ఆరు సెంటీమీటర్లకొక అడ్డుపుల్ల పెట్టాను, లేకపోతే డెక్కు కూర్చోదు. ముక్కు నుంచి మొదలుపెట్టి ఐదు సెంటీమీటర్ల చొప్పున సిమెంటు వేస్తూ, అతుకులోంచి కరిగిన ప్లాస్టిక్ సన్న పూసలా పైకి ఉబికేదాకా నొక్కాను. ఆ పూస రావాలి. రాలేదంటే లోపల కలవలేదని అర్థం.

ఇక అసలు సంగతి. మరునాడు ఆ పూసను బ్లేడుతో గీకి, వాటర్ పేపర్ (గరుకు కాగితం) 400, 600, 1000 వరసగా తడిపి కొట్టాను. వేలితో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియలేదు. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) ఒక పూత వేశాను, అద్దంలా ఉంది. ఫోటో తీసి తెలిసినవాళ్లకు పంపాను కూడా. మూడోరోజు పొద్దున చూస్తే ముక్కు నుంచి చుక్కాని దాకా సన్నటి గీత, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఫోటో చూసినవాళ్లలో ఒకాయన ‘గీత మళ్లీ తేలిందా’ అని అడిగాడు. నేనింకా చెప్పనేలేదు.

కారణం ఇదీ. మోడల్ సిమెంటు బంకలా పైన అంటుకునేది కాదు, ప్లాస్టిక్‌నే కరిగించే ద్రావకం. అతుకు చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి ఉబ్బుతుంది. మరునాటికి గోటికి గట్టిగా తగులుతుంది గానీ లోపల ద్రావకం ఇంకా పోయి ఉండదు. ఉబ్బి ఉన్నప్పుడే చదును చేస్తే, ద్రావకం ఆవిరైన తర్వాత ఆ చోటు కుంగుతుంది. ప్రైమర్‌లోనూ ద్రావకమే ఉంటుంది కాబట్టి దాన్ని ఇంకాస్త కెలుకుతుంది. వీడియోల్లో ఇదంతా పది సెకన్లలో అయిపోతుంది. ‘ఆరనివ్వండి’ అంటారు, ఎన్ని రోజులో చెప్పరు.

రెండోసారి పుట్టీ పెట్టాను. కార్లకు డెంటింగ్ చేసేవాళ్లు వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ, తిరుపతిలో ఏ పెయింట్ల షాపులోనైనా దొరుకుతుంది. అది గట్టిగా ఉంటే పల్చన చేసుకోవడానికి ఏం కలపాలని షాపులో అడిగాను. ప్లాస్టిక్ మీద వాడతానని కూడా చెప్పాను. ‘ఏ థిన్నరయినా ఒకటే సామీ, ఇది పట్టుకుపో’ అని చేతిలో పెట్టాడు. అది ఎన్‌సీ థిన్నర్. ఇనుప గేటుకైతే ఒకటే. పాలిస్టైరీన్‌కు అది విషం. పుట్టీతో పాటు ప్లాస్టిక్ కూడా మెత్తబడింది, కీల్‌కు రెండువైపులా సాలెగూడులా నెరియలు పడ్డాయి. మళ్లీ వెళ్లి చూపిస్తే ‘బొమ్మే గదా’ అన్నాడు. ఆ మాటకు నాకు థిన్నర్ కన్నా జాస్తి మంట పుట్టింది. డబ్బులు తిరిగి అడగలేదు. ఆ షాపు మెట్లు మాత్రం మళ్లీ ఎక్కను.

మీరు ఏ ద్రావకం కొన్నా ముందు ఒక పరీక్ష చేయండి. ముక్కలు విరిచేశాక మిగిలే ఫ్రేము మీద ఒక చుక్క వేసి, పది నిమిషాలాగి గోటితో గీరండి. జిగటగా తగిలినా, మెరుపు పోయినా హల్ దగ్గరికి రానివ్వకండి. ఎనామెల్‌కు టర్పెంటైన్, తుడవడానికి ఐసోప్రోపైల్ ఆల్కహాల్, ఈ రెండింటితో నాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. నెరియలు పడ్డచోటిని వారం రోజులు ముట్టుకోకుండా వదిలేశాను. తర్వాత 600 పేపరుతో పై పొర తీసేస్తే కింద గట్టి ప్లాస్టిక్ తగిలింది.

థిన్నర్ గొడవ లేకపోయినా ఆ పుట్టీ నిలిచేది కాదు, ఎందుకంటే మందంగా పెట్టాను. ఎన్‌సీ పుట్టీ పైన చెక్కు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ఆరేకొద్దీ కుదించుకుపోతుంది. పెడితే కాగితమంత పల్చగా, ఒక్కో పూతకు ఒక రోజు ఆగి, మూడు నాలుగు పూతలు పెట్టాలి.

మూడోసారి ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి నింపాను. పద్ధతి మంచిదే, చేసిన నేనే సరిగా చేయలేదు. రాత్రి నింపి పొద్దున పేపర్ కొట్టాను, అదీ వేలితో. ఈసారి గుంత పోయి గట్టు వచ్చింది. రాత్రంతా ఆరిన ఫెవిక్విక్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటె గట్టిపడుతుంది. వేలు మెత్తన కాబట్టి పేపరు మెత్తటి ప్లాస్టిక్‌నే రెండువైపులా తినేసి, గట్టిదాన్ని మధ్యలో నిలబెట్టేసింది. పుట్టీ పెట్టినప్పుడు దీనికి తిరగేసి జరుగుతుంది. పుట్టీ మెత్తన, ప్లాస్టిక్ గట్టి, అందుకని వేలి కింద పుట్టీయే లోపలికి తవ్వుకుపోతుంది. నింపేదీ చుట్టూ ఉన్నదీ ఒకే గట్టితనంతో లేనప్పుడు వేలితో చదును చేయలేం. ఈ ఒక్కమాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి.

నాలుగోసారి ఇలా చేశాను, ఇదే నిలిచింది. బ్లేడు వీపుతో అతుకు వెంట గీకి, అర మిల్లీమీటరు లోతున వి ఆకారంలో గాడి తీశాను. తర్వాత పది రోజులు గదిలోనే, నీడలో వదిలేశాను. త్వరగా ఆరుతుందని మేడ మీద ఎండలో పెట్టకండి, మన ఎండకు సన్నటి ప్లాస్టిక్ వంకర తిరుగుతుంది. మూసిన కారులో అసలే వద్దు. పదో రోజుకు సీసా మూత మీద మూడు చుక్కల ఫెవిక్విక్, అది దోసెపిండిలా చిక్కబడేంత టాల్కం కలిపి, సూదిమొనతో గాడిలోకి దించాను. రెండు మూడు నిమిషాల్లో గట్టిపడిపోతుంది కాబట్టి ఒక విడతకు ఐదారు సెంటీమీటర్లే. కిటికీ తెరిచి ఉంచండి, కళ్లు మండుతాయి.

నింపిన అరగంటలోపే పేపర్ పట్టాలి, అప్పటికి అది ఇంకా ప్లాస్టిక్ అంత గట్టిపడి ఉండదు. పిల్లల చెక్కస్కేలుకు 400 పేపరు చుట్టాను. గీత వెంట కాకుండా ఏటవాలుగా, ఒకసారి ఇటు, ఒకసారి అటు కొట్టాలి. పొట్ట గుండ్రంగా తిరిగే చోట స్కేలు పనికిరాదు, అక్కడ రబ్బరు ఎరేజర్‌కు చుట్టాను. తర్వాత 600, 1000. అక్కడితో ఆపండి. అసలు ఓడ అడుగు అద్దంలా ఉండదు, అదంతా రేకు పలకల అతుకులే.

కంటిని నమ్మకండి. అతుకు మీద 2బి పెన్సిల్ అడ్డంగా రుద్ది వేలితో తుడిస్తే, గుంత ఉన్నచోట నలుపు మిగిలిపోతుంది. గది చీకటి చేసి, ఫోన్ లైటును హల్‌కు ఆనించి పక్క నుంచి వేస్తే గట్టు నీడ పడుతుంది. నావి రెండు చోట్ల బయటపడ్డాయి, మళ్లీ నింపాను. ప్రైమర్ వేశాక మూడు రోజులు ఆగి ఇంకోసారి చూశాను. గీత లేదు. నాలుగో రోజూ లేదు. ఈసారి ఫోటో అందరికీ పంపాను, గీత గురించి అడిగినాయనకు రెండుసార్లు.

పేపర్ కొట్టేటప్పుడు ముక్కు దగ్గర కొన్ని కిటికీ రంధ్రాలు పూడిపోయాయి. సన్నటి టేపు మీద సమానదూరంలో చుక్కలు పెట్టి, ఆ టేపు అంటించి 0.5 డ్రిల్లుతో మళ్లీ తెరిచాను.

రంగుల దగ్గర నాకు పెద్ద కష్టమేమీ లేదు, చేయి తిరిగిన పని. అసలు ఓడ నీళ్లలో సుమారు 32 అడుగులు మునిగేది. లెక్కేస్తే కీల్ నుంచి 16 మి.మీ. మట్టం చూసుకున్న అద్దం పలక మీద ఓడను నిలిపి, ఆ ఎత్తుకు పేర్చిన నాణేల మీద పెన్సిల్ టేపుతో కట్టి, ఓడ చుట్టూ తిప్పితే నీటిగీత వచ్చేస్తుంది. ముందు ఆ గీత చుట్టూ నలుపు కొట్టాలి. దానిమీద 3 మి.మీ. టేపు అంటించి, కింద ఎరుపు, పైన బూడిద కొట్టాలి. అందరూ ఎరుపుతో మొదలుపెట్టి మూడుసార్లు మాస్కు చేస్తారు, ఎందుకో నాకు అర్థం కాదు. ఎరుపంటే కిటికీ ఊచలకు పూసే రెడ్ ఆక్సైడ్ డబ్బా తెచ్చుకోకండి. అది మందం, వివరాలన్నీ పూడిపోతాయి. మోడల్ రంగులు చేసే తమియా వాళ్ల ఎక్స్ఎఫ్-9 హల్ రెడ్‌లో కొంచెం తెలుపు కలిపాను. ఇంత చిన్న స్కేలుకు అసలు రంగు వేస్తే ముదురుగా కొడుతుంది. బూడిదరంగు మీరు ఏ ఏడాది ఓడ చేస్తున్నారో దాన్నిబట్టి ఉంటుంది. హుడ్ మధ్యధరా సముద్రంలో ఉన్న రోజుల్లో లేత బూడిద, రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక అంతకంటె ముదురు. నాది 1941 మే 24న మునిగిననాటి ఓడ.

స్ప్రే పొద్దున ఆరింటికి కొట్టాను. తిరుపతి ఎండాకాలంలో పదింటి తర్వాత కొడితే రంగు గాల్లోనే ఆరిపోయి గరుకు కాగితంలా పడుతుంది. వానల్లో తేమకు తెల్లగా పాలిపోతుంది. మేడ మీద దుమ్ము, అందుకని బాత్రూంలో నేల, గోడలు తడిపి అక్కడే, తలుపు తీసి కొట్టాను. ఇరవై సెంటీమీటర్ల దూరం, నాలుగు పల్చటి పూతలు. టేపును పైకి లాగకుండా దానిమీదికే వెనక్కి మడిచి లాగాలి.

పొట్టకు పక్కన వచ్చే సన్న రెక్కలు ఈ రోజు అతికించాను. ప్రొపెల్లర్లు నాలుగూ ఇంకా మిగిలి ఉన్నాయి. కంచురంగు పూసి అగ్గిపుల్లలకు గుచ్చి పెట్టాను, ఆరుతున్నాయి.