ఫోల్డరు దేనికోసం ఎదురుచూస్తోంది?

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోతాయని తెలిసి, భీమవరం దగ్గర మా ఇంట్లోని కంప్యూటరును విండోస్ 11కు మార్చాము. అన్నయ్య రొయ్యల చెరువుల లెక్కలు, మేత బిల్లులు, పొలం కాగితాల స్కానులు అన్నీ అందులోనే ఉంటాయి. మార్చిన తరువాత బ్రౌజరు, ఎక్సెల్ ఎప్పటిలాగే చురుకుగా నడుస్తున్నా, ఫోల్డర్లు, ఫైళ్లు చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచినప్పుడు మాత్రం 'వర్కింగ్ ఆన్ ఇట్' అన్న మాట తప్ప చాలాసేపటి వరకు ఏమీ కనిపించేది కాదు. తెలిసినవారు ఒకరు చూసి, "ఫార్మాట్ కొట్టేస్తే పోద్దండి" అని తేల్చేశారు. ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపై ప్రాసెసర్లకే విండోస్ 11 అర్హత ఉంది కనుక, ఆ గడప దాటిన యంత్రం ఒక ఫోల్డరు తెరవలేనంత ముసలిది కాదన్నది నా వాదన.

యంత్రంలో ఏ భాగానికి ఎంత పని పడుతోందో చూపే టాస్క్ మేనేజరులో చూస్తే ప్రాసెసరుకు గాని డిస్కుకు గాని పెద్దగా పని లేదు. యంత్రం ఖాళీగా ఉండి కూడా విండో తెరుచుకోవడం లేదంటే, అది పని చేయలేక ఆగలేదు, ఎవరి జవాబు కోసమో కాచుకొని ఉన్నదని అర్థం. నెట్‌వర్క్ కేబులు తీసి మళ్లీ తెరిచాను, వెంటనే తెరుచుకుంది. కేబులు పెట్టగానే మళ్లీ అదే తంతు.

'దిస్ పీసీ'లో కిందికి వెళితే, ఎర్ర ఇంటూ గుర్తుతో జెడ్ డ్రైవు కనిపించింది. అది వరండాలోని పాత ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫోల్డరుకు ఎప్పుడో పెట్టిన దారి. ఆ ల్యాప్‌టాప్‌కు విండోస్ 11 అర్హత లేకపోవడంతో ఇదే సమయంలో దానిని అటకెక్కించాము. అప్‌గ్రేడు మన పాత అమరికలను చెక్కుచెదరకుండా కొత్త దానిలోకి తెస్తుంది కాబట్టి ఆ దారి కూడా వచ్చింది. వంతెన వచ్చాక మానేసిన పంటు కోసం రేవులో కూర్చున్నట్టు, ఎక్స్‌ప్లోరర్ ప్రతిసారీ ఆ ల్యాప్‌టాప్ పలుకుతుందేమోనని గడువు తీరేదాకా ఆగుతోంది. ఆ డ్రైవుపై రైట్ క్లిక్ చేసి డిస్‌కనెక్ట్ చేశాను, ఎక్స్‌ప్లోరర్ ఎడమ పక్కన తరచూ వాడే ఫోల్డర్లు ఉండే క్విక్ యాక్సెస్‌లో, దానికే పిన్ చేసి ఉన్న ఫోల్డరునూ తీసేశాను. నిజానికి అప్‌గ్రేడుకూ ఈ నెమ్మదికీ ఉన్న సంబంధం రెండూ ఒకే సమయంలో జరగడమే.

పనిలో పనిగా ఫోల్డర్ ఆప్షన్స్‌లో, ఎక్స్‌ప్లోరర్ 'హోమ్'కు బదులు 'దిస్ పీసీ'కి తెరుచుకునేలా మార్చాను. హోమ్ పేజీ ఇటీవల వాడిన ఫైళ్ల జాబితాను పేర్చి చూపుతుంది; మా ఇంట్లో దానిని చూసేవారు లేరు.

ఇక వాట్సాప్‌లో వచ్చిన బిల్లుల ఫొటోలన్నీ కుమ్మరించిన ఫోల్డరు సంగతి వేరు. కేబులు తీసినా అది నెమ్మదిగానే ఉంది. ప్రాపర్టీస్‌లోని కస్టమైజ్ ట్యాబు చూస్తే ఆ ఫోల్డరు 'పిక్చర్స్' రకంగా నమోదై ఉంది, పైగా ఫొటో తీసిన తేదీ వారీగా పేర్చి ఉంది. అంటే జాబితా చూపే ముందు ప్రతి ఫైలునూ తెరిచి, లోపల తేదీ రాసి ఉందేమో చూడాలి. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్ డిస్కులో ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. నాలుగు వేల ఫొటోలకు ఒక్కొక్కసారి వెళ్లినా 40 సెకన్లు. రకాన్ని 'జనరల్ ఐటమ్స్'గా మార్చి, లోపలి ఫోల్డర్లకూ వర్తించే పెట్టెలో టిక్కు పెట్టి, ఫైలు మార్చిన తేదీ ప్రకారం పేర్చాక జాబితా చప్పున వస్తోంది.

ఫొటోల చిన్న బొమ్మలను యంత్రం దాచి ఉంచుకునే థంబ్‌నెయిల్ క్యాషీని తరచూ తుడిచేయమనే సలహా చాలాచోట్ల వినబడుతుంది. అది పాడైతే ఒకసారి తుడవడం సరే గాని, ఊరికే తుడిస్తే ఆ చిన్న బొమ్మలన్నింటినీ యంత్రం మళ్లీ మొదటి నుంచి తయారుచేసుకోవాలి, నెమ్మది పెరుగుతుందే తప్ప తగ్గదు. అప్‌గ్రేడు అయిన కొత్తలో ఫైళ్లను త్వరగా వెతకడానికి వాడే సెర్చ్ ఇండెక్సు తిరిగి తయారవుతుంటే కూడా డిస్కు కొంతకాలం రొద పెట్టవచ్చు; దానికి యంత్రాన్ని ఒక రాత్రి నడవనిస్తే చాలు, ఏ క్లీనరు సాఫ్ట్‌వేరూ అక్కరలేదు.

బిల్లుల ఫోల్డరును క్రాపుల వారీగా విడదీయడం ఇంకా మిగిలి ఉంది. అది అన్నయ్యే చేయాలి. ఏ బిల్లు ఏ చెరువుదో ఆయనకు తప్ప మరొకరికి తెలియదు.