ఆక్సలాటిల్‌తో చేపలు: నా అనుభవం

అక్వేరియంలో చేపలతో పాటు సాలమాండర్‌ను (బల్లిలా కనిపించే ఉభయచరం) పెంచాలన్నది నా చిరకాల కోరిక. పెంచాను కూడా. అయితే చేపల తొట్టెలోకి దాన్ని తేలేదు. ముందు దానికి సరిపడే తొట్టె సిద్ధం చేసి, చేపల సంగతి ఆ తర్వాతే ఆలోచించాను.

ఎంచుకున్నది ఆక్సలాటిల్. మెక్సికోలోని షోచిమిల్కో సరస్సు దీని పుట్టిల్లు. పెద్దయినా నేల మీదికి రాదు. ఈకల్లాంటి బయటి మొప్పలతో జీవితమంతా నీటిలోనే ఉంటుంది. తొట్టెలో పెంచడానికి ఇంతకంటే తగిన సాలమాండర్ నాకు కనిపించలేదు.

అసలు సమస్య చల్లదనం. దీనికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ హాయి. 24 దాటితే తిండి తగ్గుతుంది, జబ్బులు పట్టుకుంటాయి. అలంకార చేపల్లో చాలావాటికి కావలసింది ఆ వెచ్చదనమే, కాబట్టి అవన్నీ మొదటే పక్కకు పోయాయి. నీటి మీద ఫ్యాను పెట్టి చూశాను, కొద్ది డిగ్రీలే తగ్గింది. చివరికి నీటిని చల్లబరిచే యంత్రం, చిల్లర్ కొన్నాను. ఖర్చు ఎక్కువే, కానీ ఇక్కడ చేయి బిగపట్టకూడదు.

తర్వాత ప్రాణి లేకుండానే తొట్టెను నడిపాను. కొద్దికొద్దిగా అమ్మోనియా (జంతువుల వ్యర్థాల నుంచి నీటిలో చేరే విషం) వేస్తుంటే, దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడుతుంది. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది, చల్లటి నీటిలో ఇంకా ఆలస్యం. వేసిన అమ్మోనియా ఒక్క రోజులో పూర్తిగా మాయమై, నైట్రైట్ కూడా సున్నాకు వచ్చాకే ఆక్సలాటిల్‌ను తెచ్చాను. అడుగున గులకరాళ్లు లేవు. ఇది నోరు తెరిచి నీటితో సహా ఆహారాన్ని లోపలికి లాగుతుంది. రాయి కూడా వెళితే పేగుల్లో అడ్డుపడుతుంది.

చల్లటి నీటి చేపల్లో అందరికీ ముందు తట్టేది గోల్డ్‌ఫిష్. నేను వద్దనుకున్నాను: ఆ మొప్పలను తిండి అనుకొని కొరుకుతుంది. కోరిడోరాస్ అనే చిన్న క్యాట్‌ఫిష్ రెక్కల ముళ్లు మింగితే గొంతులో దిగుతాయి. మిగిలింది వైట్ క్లౌడ్ మిన్నో. చిన్నది, సాధువు, 18 డిగ్రీల్లోనూ చురుగ్గా ఉంటుంది. జబ్బులేమైనా ఉన్నాయేమోనని వాటిని కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచి గమనించాను. సాలమాండర్ చర్మం నీటిలోని మందును నేరుగా పీల్చుకుంటుంది కాబట్టి, చేపల జబ్బులకు వాడే రాగి మందులను దాని తొట్టెలో వేయకూడదు.

ఆ తర్వాత చేపలను ఆక్సలాటిల్ తొట్టెలోకి వదిలాను. పగలు అంతా సవ్యంగా సాగింది. రాత్రి వేట జంతువు నైజం బయటపడింది. వానపాములు కడుపు నిండా పెట్టినా తెల్లారేసరికి చేపలు తగ్గుతూ వచ్చాయి. అందులో దాని తప్పేమీ లేదు. పక్కనుంచి కదిలేదాన్ని నోట్లోకి లాగడం దాని పుట్టుక. కానీ నాకు ఆ చేపలూ ముఖ్యమే. మిగిలినవాటిని వెంటనే వేరుచేశాను. వాటి కోసం, మొదట వాటిని ఉంచి గమనించిన తొట్టెనే పెద్ద మొక్కలతో నింపాను. వాటికి హీటరూ అక్కర్లేదు, చిల్లరూ అక్కర్లేదు.