పాత చెక్క కమోడ్ సీటు ఊడదీయడానికి రెండు రాత్రులు పట్టింది: నా అనుభవం

నిన్న రాత్రి పదింటికి పని పూర్తయింది. వేళ్ల సందుల్లో తుప్పు మరక ఇంకా వదల్లేదు. వివరాలు మర్చిపోకముందే రాస్తున్నాను. డాలస్ చుట్టుపక్కల పాత ఇల్లు కొనుక్కుని, ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకునే మనవాళ్లకు ఏదో ఒకరోజు ఈ పని పడుతుంది.

ముందు సరుకు సంగతి. ఇక్కడి షాపుల్లో కమోడ్ సీట్లు చెక్కవీ ప్లాస్టిక్‌వీ పక్కపక్కనే వేలాడుతుంటాయి. చెక్క అంటే టేకు పలక అనుకోకండి. చెక్కపొడిలో రెసిన్ కలిపి, వేడి అచ్చులో నొక్కి, పైన తెల్ల ఎనామెల్ రంగు వేస్తారు. అచ్చమైన ఓక్ సీట్లూ ఉన్నాయి, ధర ఎక్కువ. చెక్కపొడి సీటు బరువుగా ఉంటుంది, పలచటి ప్లాస్టిక్‌లా వంగదు. పేపర్ వాడే ఇంట్లో, నేల పొడిగా ఉండే బాత్రూములో అది మంచి సరుకే. విస్కాన్సిన్‌లో బెమిస్ లాంటి కంపెనీలు ఏళ్ల తరబడి వీటిని చేస్తున్నాయి. అదే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో శానిటరీ షాపుకెళ్తే మీ ముందు పెట్టేది ప్లాస్టిక్ సీటే. అక్కడ కమోడ్ పక్కన హెల్త్ ఫాసెట్ ఉంటుంది, బాత్రూమంతా బకెట్లతో కడుగుతారు. మన దేశపు ఐఎస్ 2548 ప్రమాణం పేరులోనే ప్లాస్టిక్ సీట్లు అని ఉంది. నీళ్లు వాడేచోట చెక్కకు గిరాకీ లేకపోవడం న్యాయమే.

మా సీటు ఎందుకు పోయిందంటే, అమ్మానాన్న వస్తున్నారని దాని కింద బిడే (కడుక్కోవడానికి నీళ్లు చిమ్మే ప్లేటులాంటి అమరిక) బిగించాం. ఆ ప్లేటు వల్ల సీటు వెనక భాగం పావు అంగుళం దాకా లేచింది. ముందువైపు రబ్బరు గుండీలు పింగాణీకి ఆనకుండా గాల్లో ఉండిపోయాయి. మనిషి కూర్చున్నప్పుడల్లా బరువంతా హింజ్ మరల మీద పడి, వాటి చుట్టూ రంగు వెంట్రుకవాసి పగిలింది. ఆ పగులులోకి నీళ్లు దిగాయి. ఎనిమిది నెలల్లో వెనక అంచు నానిన అటుకుల్లా ఉబ్బింది, గోటితో గీకితే తడి పొట్టు రాలింది.

కొలత తేలిక. బోల్టు రంధ్రాల మధ్య నుంచి కమోడ్ ముందు అంచు దాకా పదహారున్నర అంగుళాలు వస్తే గుండ్రం సీటు, పద్దెనిమిదిన్నర వస్తే పొడుగు సీటు. రెండు రంధ్రాల మధ్య ఐదున్నర అంగుళాలు.

ఇక ఊడదీయడం. పాత సీటుకు ఇత్తడి పూత పూసిన ఇనుప బోల్టులున్నాయి. బిడే నుంచి కారిన తడికి, బ్లీచ్‌కి పూత పోయి, నట్టూ బోల్టూ ఒకే ముద్దయ్యాయి. పైన స్క్రూడ్రైవర్, కింద పటకారు పెట్టి తిప్పితే స్క్రూ గాడి అరిగిపోయింది తప్ప నట్టు కదల్లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేశాను. కుడివైపుది తెల్లారి లొంగింది. ఎడమది నట్టుతోపాటే గిరగిరా తిరిగింది. ఇక్కడ చాలామంది సుత్తి తీస్తారు. దయచేసి తీయకండి. పింగాణీకి ఒక్క నెర్రె వచ్చిందంటే కమోడ్ మొత్తం మార్చాలి.

దారి ఒకటే, కోయడం. కమోడ్ మీద బోల్టు చుట్టూ మూడు పొరలు టేపు వేయాలి. హ్యాక్‌సా బ్లేడును ఫ్రేము లేకుండా, ఒక కొసకు గుడ్డ చుట్టి, హింజ్‌కీ పింగాణీకీ మధ్య పడుకోబెట్టి కోయాలి. బోల్టు తిరగకుండా కింద నట్టును పటకారుతో ఇంకొకరు పట్టుకోవాలి. మా ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని నలభై నిమిషాలు పట్టుకుంది, ఆ సాయం లేకపోతే అయ్యేది కాదు. కళ్లద్దాలు తప్పనిసరి, తుప్పు రజను మొహం మీదికే వస్తుంది. బ్లేడు తగిలి పింగాణీ మీద బూడిదరంగు గీత పడితే భయపడకండి, అది ఇనుము మరక. ఆగ్జాలిక్ యాసిడ్ ఉన్న పౌడరుతో తడిగుడ్డ పెట్టి రుద్దితే పోయింది.

షాపులో ఒకాయన మళ్లీ చెక్కదే తీసుకోమన్నాడు. ఇంట్లో బిడే ఉందా అని ఒక్క మాట అడగలేదు. సీటు అమ్మేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. నేను ప్లాస్టిక్‌దే తీసుకున్నాను, బోల్టులూ నట్లూ ప్లాస్టిక్‌వే. చేత్తో బిగించి, ఆపైన పావు చుట్టు చాలు, ఎక్కువైతే మరలు చెడతాయి. బిడే ప్లేటు మందానికి సరిపడా ఎత్తు గుండీలు ముందువైపు అంటించాను. సీటు మీద ఒకరు కూర్చున్నప్పుడు గుండీ కింద కాగితం ముక్క దూర్చి చూడండి. దూరితే ఎత్తు చాలలేదన్నమాట.

గుంటూరు నుంచి మా బావగారు, కొత్తింటికి ఓక్ సీటు ఒకటి పట్టుకురమ్మని అడుగుతున్నారు. ముందు ఫోటో పంపమన్నాను. వాళ్ల కమోడ్ డి ఆకారం. ఇక్కడి గుండ్రందీ కుదరదు, పొడుగుదీ కుదరదు, పక్కనే హెల్త్ ఫాసెట్ కూడా ఉంది. కమోడ్ కొన్న షాపులోనే మోడల్ పేరు చెప్పి దాని సీటే తీసుకోండి బావగారూ అని చెప్పాను.