యాక్సిడెంట్ కేసుల లాయర్ని దేన్ని చూసి నమ్మాలి?

రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషి పోయినా, కాలో చెయ్యో పోయినా, ఆసుపత్రి గుమ్మం దాటకముందే ఎవరో ఒకరు వచ్చి "మా లాయరుగారు ఈ కేసుల్లో స్పెషలిస్టు" అని చెప్పిపోతారు. మన దేశంలో ఆ మాటకు చోటే లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది చూడండి. లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, దళారుల్ని పెట్టి కేసులు తెచ్చుకోకూడదు, ఫలానా రకం కేసుల్లో నిపుణుణ్నని నేమ్‌ప్లేట్ మీద కూడా రాసుకోకూడదు. డాక్టరు పేరు పక్కన ఎం.ఎస్. ఆర్థో అని ఉంటుంది, చూసి వెళ్తాం. లాయరు పేరు పక్కన అలాంటిదేమీ ఉండదు. అర్హత ఉందో లేదో వాళ్లు నడిపే ఫైలే చెప్పాలి. ఆ ఫైల్లో ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రాక్టీసులోకి రావాలనుకునే జూనియర్లు నేర్చుకోవాల్సిందీ, లాయర్ని వెతుక్కునే కుటుంబం అడగాల్సిందీ ఒకటే.

అమెరికాలో పద్ధతి వేరు. టెక్సాస్‌లో "పర్సనల్ ఇంజురీ ట్రయల్ లా" అనే విభాగానికి ప్రత్యేకంగా బోర్డు సర్టిఫికెట్ ఉంది. ఏళ్ల ప్రాక్టీసు, నడిపిన ట్రయల్స్ లెక్క, తోటి లాయర్లూ జడ్జీలూ చెప్పే మాట, ఆపైన ఒక పరీక్ష, ఇవన్నీ దాటితేనే అది వస్తుంది. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్న మనవాళ్లకు అవసరం పడితే టెక్సాస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ వెబ్‌సైటులో లాయరు పేరు సరిచూసుకోవచ్చు. అక్కడ కేసు జ్యూరీ ముందుకు వెళ్తుంది, గెలిస్తే సొమ్ములో వాటా అనే ఫీజు మామూలే. ఇక్కడ జ్యూరీ లేదు. వాటా ఫీజును బార్ కౌన్సిల్ 20వ నియమం నిషేధిస్తుంది.

ఇక్కడ కాగితం మీద కనిపించే అర్హతలు కొన్నే. ఇంటర్ తర్వాత ఐదేళ్ల కోర్సు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లాసెట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా సీటు. "మోటారు ప్రమాదాలు, వినియోగదారుల చట్టాలతో కలిపి టార్ట్స్" అనేది తప్పనిసరి పేపరే అయినా, ఆ పేపరు పాసైనంత మాత్రాన పరిహారం కోరే క్లెయిమ్ పిటిషన్ ఒక్కటి కూడా సరిగ్గా రాయడం రాదు. తర్వాత రాష్ట్ర బార్ కౌన్సిల్లో ఎన్‌రోల్‌మెంట్. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలకైతే 125కు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జూలై 30న తేల్చింది. అడ్వకేట్ల చట్టానికి విరుద్ధంగా వేలకు వేలు గుంజడం అప్పటిదాకా సాగింది. పేదింటి పిల్లలకు అది పెద్ద అడ్డంకి. ఆపైన రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. కుటుంబం చూడగలిగింది ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఒక్కటే. అది అడగడంలో తప్పులేదు, మంచి లాయరు నొచ్చుకోరు.

ఇక అసలు పరీక్ష. మొదటిసారి మీరు కాగితాలు పట్టుకెళ్లినప్పుడు లాయరు ముందు ఏది చదువుతారో గమనించండి. ఎఫ్‌ఐఆర్ పైపైన చూసి "ఎంత వస్తుందో" చెప్పేవారు ఒక రకం. ఆసుపత్రిలో మొదటి గంటలో రాసిన ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రికార్డు, పోలీసులకు పంపిన ఇంటిమేషన్ ఎక్కడున్నాయని అడిగేవారు ఇంకో రకం. రెండోవారి దగ్గర కూర్చోండి. ఎందుకంటే చాలా కేసులు అక్కడే చస్తాయి. క్యాజువాలిటీలో కంగారులో ఎవరో బంధువు "బండి మీంచి పడ్డాడు" అంటారు, డ్యూటీ డాక్టరు అదే రాస్తారు. పది రోజుల తర్వాత ఎఫ్‌ఐఆర్‌లో లారీ నంబరు వస్తుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి అంతకంటే ఏం కావాలి? వాహనాన్ని ఇరికించారంటుంది. పోలీసు ఫిర్యాదు ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది, కానీ ఆసుపత్రి రాతకూ ఎఫ్‌ఐఆర్‌కూ మధ్య ఉన్న తేడాను సాక్ష్యంతో పూడ్చాల్సింది లాయరే. అడ్మిట్ చేసినవాణ్ని, ఢీకొట్టడం కళ్లారా చూసినవాణ్ని సాక్షులుగా పెట్టాలి. క్రిమినల్ కేసులోలాగా సందేహానికి అతీతంగా రుజువు చేయనక్కర్లేదు, ఏది ఎక్కువ నమ్మదగినదో చాలు. ఆ వెసులుబాటును వాడుకోవడానికైనా సాక్షి ఉండాలి కదా.

గడువు విషయంలో 2022 ఏప్రిల్ 1 నుంచి లెక్క మారింది. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలని చట్టం. ఈ నిబంధన మీద సుప్రీంకోర్టులో సవాళ్లు ఉన్నాయి. వాటిని నమ్ముకుని "తొందరేం లేదు" అనే లాయరు దగ్గర ఫైలు ఉంచకండి. అదే రోజు నుంచి అమలైన కొత్త రూల్స్ ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక ఇవ్వాలి. వాటి నకళ్ల కోసం స్టేషన్ చుట్టూ తిరిగే ఓపిక జూనియర్‌కు ఉండాలి. ప్రమాద స్థలం రఫ్ స్కెచ్, ఎంవీఐ (మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, చార్జిషీటు కూడా అంతే ముఖ్యం. ఎంవీఐ రిపోర్టులో ఏ వాహనానికి ఎక్కడ దెబ్బతగిలిందో ఉంటుంది. ఎదురెదురుగా గుద్దుకున్నాయా, వెనకనుంచి గుద్దిందా అన్నది దాన్నిబట్టే తేలుతుంది.

పిటిషన్ ఎక్కడ వేయాలన్నది కూడా లాయరు తెలివికి గుర్తే. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. బాధితులు ఉండే చోట, ప్రతివాది ఉండే చోట కూడా వేయొచ్చు. బతుకుతెరువుకు పాలమూరు నుంచి వెళ్లి వేరే రాష్ట్రంలో ప్రమాదంలో పోయిన కూలీ భార్య, ప్రతి వాయిదాకూ అంత దూరం రైలెక్కాల్సిన పనిలేదు.

ఇప్పుడు లెక్క. 34 ఏళ్ల తాపీమేస్త్రి చనిపోయాడనుకుందాం. నెలకు 15,000 సంపాదన రుజువైంది. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడినవాళ్లు. ప్రణయ్ సేఠీ కేసులో 2017లో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిన ప్రకారం, సొంత పని చేసుకునేవాళ్లకు 40 ఏళ్లలోపైతే భవిష్యత్ ఆదాయం కింద 40 శాతం కలపాలి: 21,000. ఆధారపడినవాళ్లు నలుగురు కాబట్టి సొంత ఖర్చులకు నాలుగోవంతు తీసేస్తే 15,750, ఏడాదికి 1,89,000. సరళా వర్మ కేసు (2009) పట్టికలో 31 నుంచి 35 ఏళ్లకు మల్టిప్లయర్, అంటే వయసును బట్టి ఏడాది నష్టాన్ని గుణించే అంకె, 16. అంటే 30,24,000. దానిమీద అంత్యక్రియలకు, ఎస్టేట్ నష్టానికి (పోయిన మనిషి ఆస్తికి కలిగిన నష్టం), ఒక్కొక్కరి సాహచర్యం కోల్పోయినందుకు నిర్ణీత మొత్తాలు. 2017లో అవి 15,000, 15,000, 40,000. మూడేళ్లకోసారి 10 శాతం పెంచాలన్నారు గనుక 2023 తర్వాత 18,150, 18,150, 48,400 అయ్యాయి. సాహచర్యం భార్యకే కాదు, పిల్లలకూ తల్లికీ వేరువేరుగా అడగాలని 2018 నుంచి స్పష్టంగా ఉంది. నలుగురికి 1,93,600. ఇప్పటికీ ఒక్కరి పేరు మీదే అడిగిన పిటిషన్లు కనిపిస్తుంటే బాధగా ఉంటుంది. మొత్తం 32,53,900.

ఇందులో వయసు రెండేళ్లు జరిగి 36 అయితే మల్టిప్లయర్ 15కు పడుతుంది, 1,89,000 పోతుంది. ఆధార్‌లో జనవరి 1 అని అందాజుగా వేసిన పుట్టినరోజులు మన ఊళ్లలో ఎన్నో. ఆధార్ వయసుకు రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్ ఉంటే దాన్నే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో చెప్పింది. పదో తరగతి మెమో, లేదంటే స్కూలు టీసీ తెమ్మని మొదటి రోజే అడిగిన లాయరుకు ఈ పట్టిక అర్థమైనట్టే.

ఆదాయం రుజువు చేయడం మరో పెద్ద పని. జీతం సర్టిఫికెట్ ఫైల్లో పెడితే చాలదు, అది ఇచ్చినవాళ్లు రిజిస్టరుతో వచ్చి సాక్ష్యం చెప్పాలి. రైతు కేసు మరీ జాగ్రత్తగా చూడాలి. పట్టాదారు పాసుపుస్తకం పెట్టి ఐదెకరాల ఆదాయం పోయిందంటే ట్రిబ్యునల్ ఒప్పుకోదు. భూమి అలాగే ఉంది కదా, పోయింది దాన్ని చూసుకునే మనిషి మాత్రమే అంటుంది. కాబట్టి కౌలుకు చేసే పొలం, పాడి, ట్రాక్టరు కిరాయి, కూలికి వెళ్లిన పని, వీటిలో మనిషి పోతే ఆగిపోయేవి ఏవో విడదీసి చూపాలి. పాలకేంద్రం పుస్తకం ఒక్కోసారి పాసుపుస్తకం కంటే ఎక్కువ పనికొస్తుంది.

గాయాల కేసుల్లో లాయరు పనితనం డాక్టరు సాక్ష్యంలో తెలుస్తుంది. వైకల్య సర్టిఫికెట్‌లో 60 శాతం అని ఉంటే అది చేతికా, మొత్తం శరీరానికా? ఆ మనిషి చేసే పనికి ఎంత? రాజ్‌కుమార్ కేసు (2010) తీర్పు ఈ మూడింటినీ విడదీసింది. ఎడమచేయి పోయిన డ్రైవరుకో వడ్రంగికో సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలవొచ్చు. కాబట్టి డాక్టర్ని బోనులో నిలబెట్టి "ఈ మోకాలితో గోడ మీద కూర్చుని పని చేయగలడా, బస్తా మోయగలడా, ఉక్కు రాడ్ తీయడానికి ఇంకో ఆపరేషన్ అవసరమా" అని అడిగి రాయించాలి. సర్టిఫికెట్‌ను కోర్టు రికార్డులో మార్క్ చేయించి ఊరుకుంటే కంపెనీ లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో "వైద్యం చేసింది మీరు కాదు కదా" అన్న ఒక్క ప్రశ్నతో శాతాన్ని సగానికి దించుతారు. వైద్యం చేసిన డాక్టర్నే పిలవాలి. కోర్టుకు రాలేనంటే కోర్టు తరఫున సాక్ష్యం రాసుకునే కమిషనర్‌ను వేయించి ఆసుపత్రిలోనే సాక్ష్యం తీసుకోవచ్చు. ఇంకొకటి: గాయపడినవాళ్ల కేసులో సొంత ఖర్చుల కోత ఉండదు. మరణం కేసు నమూనా ముందు పెట్టుకుని రాసే జూనియర్లు ఇక్కడ తరచూ పొరపడతారు.

కంపెనీ వైపు నుంచి వచ్చే అభ్యంతరాలకు ముందే సిద్ధపడటం అనుభవం మీద వచ్చేది. కారు లైసెన్సుతో చిన్న రవాణా బండి నడిపాడన్న వాదన 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తీర్పుతో 7,500 కిలోల లోపు బండ్ల విషయంలో తీరిపోయింది. బైకు మీద ముగ్గురు ఎక్కారన్న కారణమే ప్రమాదంలో తప్పు వాళ్లమీద పెట్టడానికి చాలదని 2020లో తేలింది. అలా ఎక్కడంవల్లే ప్రమాదమైందని కంపెనీ చూపాలి. కానీ మిర్చి కోతలకు కూలీలను ఎక్కించుకెళ్లే ట్రాలీ ఆటోల సంగతి కష్టమే. సరుకు బండిలో ఊరికే ఎక్కిన ప్రయాణికులకు ఆ బండి ఇన్సూరెన్స్ వర్తించదు. ఓనరు మీద అవార్డు (పరిహారం కట్టమనే తీర్పు) వచ్చినా వసూలయ్యేది తక్కువ. నిజంగా తెలిసిన లాయరు ఇక్కడ రెండో బండి తప్పు ఎంతో వెతుకుతారు. ఎదురుగా వచ్చిన లారీకీ కొంత తప్పు ఉంటే, కూలీలు ఆ లారీకి మూడో పక్షమే, అంటే లారీ ఇన్సూరెన్స్ వాళ్లకు వర్తిస్తుంది. ఇద్దరి తప్పు కలిసినప్పుడు మొత్తం పరిహారం ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చార్జిషీటులో ఆటో డ్రైవరు ఒక్కడి పేరే ఉందని లారీని పార్టీగా చేర్చకపోతే ఆ ఆడకూలీల కుటుంబాలకు చేతికి ఏమీ రాదు. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఇదే.

తన తప్పుతోనే బండి పడి చనిపోయిన ఓనరు విషయంలో 166 కింద దావా నిలవదు. పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు ఉందేమో చూసి, కంపెనీకి నేరుగా దరఖాస్తు చేయించాలి. ఎవరు కొట్టారో తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000. చిన్న మొత్తాలని వదిలేయకూడదు.

ఫీజు సంగతి మొదటే రాతలో తేల్చుకోండి. ఖాళీ తెల్లకాగితాల మీద, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగితే లేచి వచ్చేయండి. బ్యాంకు పాసుబుక్కు, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉండాలి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీకి తొందరపెడితే ముందు పై లెక్క కాగితం మీద వేసి చూపమనండి. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. ట్రిబ్యునల్ తీర్పు మీదైతే హైకోర్టుకు 90 రోజుల గడువు ఉంది. వివాదం లక్ష రూపాయలకు తక్కువైతే అప్పీలు లేదు. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టి, వడ్డీ ఏ తేదీ నుంచి ఎంత శాతం వేశారో, మైనర్ పిల్లల వాటా ఏ బ్యాంకులో ఎన్నేళ్లకు డిపాజిట్ చేయమన్నారో అందులో చదివించుకోండి.