శుభలేఖ మీద బంగారు క్యూఆర్ కోడ్: నా అనుభవం

మా అమ్మాయి శుభలేఖల గొడవ నిన్నటితో తీరింది. ముహూర్తం, మండపం, వంటవాళ్లు అన్నీ వారంలోనే కుదిరాయి; కార్డు మీది క్యూఆర్ కోడ్ ఒక్కటే నా పరువు తీసింది.

విజయనగరంలో మేము కార్డులు వేయించిన దుకాణంవారు, మండపానికి దారి చూపే కోడ్‌ను మెరూన్ అట్ట మీద బంగారు రేకుతో అచ్చువేసి, మూలల్లోని మూడు చదరాలను తామరపువ్వులుగా మలిచి, చుట్టూ మెలికల ముగ్గును కోడ్‌కు ఆనించి గీశారు. నమూనాను కంప్యూటర్ తెర మీద నా ఫోన్ చదివింది కనుక 500 కార్డులకు సరేనన్నాను. అచ్చయిన కార్డును పరీక్షించకపోవడం నా తెలివితక్కువతనమే.

తొలి కార్డు శ్రీకాకుళంలో మా బావగారికి ఇచ్చి, కోడ్ సంగతి గొప్పగా చెప్పినవాణ్ణి నేనే. ఆయన ఫోన్‌ను దగ్గర పెట్టి, దూరం జరిపి, కార్డును తలకిందులు చేసి, చివరికి లైటు వేస్తే, రేకు తళుక్కుమని తెరంతా తెల్లబడింది. పసుపు అంటిందేమోనని మా ఆవిడ కొంగుతో మూల తుడిచింది. "ఆ అడ్రసేదో నోటితో చెప్పేయకూడదూ, బావా?" అని ఆయన అనేసరికి అరుగు మీదివాళ్లంతా నవ్వారు.

దుకాణంలో నిలదీస్తే, "30 శాతం పాడైనా చదువుతుందండీ, మీ ఫోన్లే పాతవి" అన్నారు. ఆ వెసులుబాటు లోపలి సమాచారానికే గాని, ఫోన్ కోడ్‌ను గుర్తుపట్టే మూడు చదరాలకు వర్తించదనీ, చుట్టూ కోడ్‌లోని చిన్న గడులు నాలుగింటి మేర ఖాళీ ఉండాలనీ, ముదురు అట్ట మీద లేతరంగు కోడ్‌ను అన్ని ఫోన్లూ చదవవనీ మా మేనల్లుడు విడమరచి చెప్పాడు. 1994లో జపాన్‌లోని డెన్సో వేవ్ సంస్థలో కారు విడిభాగాల లెక్క కోసం పుట్టిన గుర్తుకు పెళ్లికూతురి సింగారం చేస్తే ఇంతే మరి.

కోడ్‌లోని మండపం దారి లింకును కుదించడంతో గడులు తగ్గి పెద్దవయ్యాయి. తెల్ల స్టిక్కర్ మీద నల్ల సిరాతో, చదరాలు ముట్టుకోకుండా, నడుమ చిన్న కలశంతో అచ్చువేయించి, ముందు ఒక్కటి తీసుకుని నాలుగు ఫోన్లతో చూశాకే మిగతావి వేయమన్నాను. రెండు రాత్రులు ఇంటిల్లిపాదీ కూర్చుని, పంచేసిన వాటిని విడిచి మిగిలిన అన్ని కార్డులకూ అంటించాము. బంగారు రేకు ఖర్చులో మాత్రం ఆ దుకాణంవారు ఒక్క రూపాయి తగ్గించలేదు.