మావాడు కూర్చోనన్న కుర్చీ

"నాకు బెగిన్ వద్దు" అన్నాడు మావాడు, బూట్లు విప్పకుండానే. అదేదో తినే వస్తువు అనుకుని, "సరే, అన్నం ఉంది, తిను" అన్నాను. వాడు చూసిన చూపులో పదమూడేళ్ళ విసుగంతా ఉంది.

సంగతి ఇది. చరిత్ర తరగతిలో పిల్లల చేత క్యాంప్ డేవిడ్ చర్చలు ఆడిస్తున్నారు. 1978 సెప్టెంబరులో ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్‌నూ, ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్‌నూ అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మేరీలాండ్ కొండల్లోని క్యాంప్ డేవిడ్ విడిదికి పిలిచి, పదమూడు రోజులు తంటాలు పడి ఒప్పించిన కథ. మావాడు బెగిన్. వాడి యూదు మిత్రుడు సాదత్. ఎవరి పక్షం వాళ్ళకే ఇవ్వకూడదన్నది టీచరు ఆలోచన. ఈ జట్టులో మూడోవాడు పాలస్తీనా కుటుంబం పిల్లవాడు. వాడికి గడియారం చూసి గంట కొట్టే పని ఇచ్చారు. "నేనెక్కడ కూర్చోవాలి?" అని వాడు అడిగితే, ఆ చర్చల్లో పాలస్తీనా వాళ్ళు లేరు కదా అన్నారట. వాడికి కుర్చీ లేకపోతే నాకూ వద్దన్నాడు మావాడు.

నేను అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి మార్కులెన్ని?"

మా ఆవిడ గరిటె పట్టుకుని వంటింట్లోంచి తొంగిచూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. టీచరు చెప్పినది నిజమే. అక్కడ తయారైనవి రెండు పత్రాలు. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన ఈజిప్టు ఎడారి సినాయ్ గురించినది నిలిచింది. 1979 మార్చిలో శాంతి ఒప్పందం అయింది, 1982 ఏప్రిల్ నాటికి ఆ ఎడారి ఈజిప్టుకు తిరిగి వచ్చింది. పాలస్తీనా వాళ్ళుండే వెస్ట్ బ్యాంక్, గాజా ప్రజల స్వపరిపాలన గురించినది కాగితం మీదే ఉండిపోయింది. ఎవరి గురించి రాశారో వాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు మరి. సాదత్ చెల్లించిన మూల్యమూ తక్కువేమీ కాదు. అరబ్బు దేశాల కూటమి అరబ్ లీగ్ ఈజిప్టును పక్కన పెట్టింది, 1981లో సైనిక కవాతు చూస్తుండగా సొంత సైనికులే ఆయన్ను కాల్చి చంపారు.

ఒక్క ముక్క మాత్రం నాకు బాగా నచ్చింది. చివరి రోజు బెగిన్ మొండికేస్తే, కార్టర్ ముగ్గురూ ఉన్న ఫొటోల మీద బెగిన్ మనవలూ మనవరాళ్ళ పేర్లు విడివిడిగా రాసి, సంతకం చేసి తీసుకువెళ్ళాడు. ఆ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతూ పెద్దాయన మెత్తబడ్డాడట. తండ్రిగా నేను కరిగిపోయి, మర్నాడు కారులో మావాడికి ఈ కథ చెప్పాను.

"గంట కొట్టేవాడికి కూడా తాతయ్య ఉన్నాడు నాన్నా" అన్నాడు.

ఉన్నాడు, నాకు తెలుసు. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉన్న లిద్దా ఊరివాడు. 1948 జులైలో ఇజ్రాయెల్ సైన్యం ఊరు ఖాళీ చేయిస్తే, ఎండలో నడిచి రమల్లా చేరిన కుటుంబం. సాదత్ వేషగాడి నాయనమ్మది బాగ్దాద్. 1951లో ఇరాక్ పౌరసత్వం వదులుకుని, ఆస్తి అక్కడే పోగొట్టుకుని ఇజ్రాయెల్ వెళ్ళిన లక్ష పైచిలుకు యూదుల్లో ఆవిడ ఒకరు. బాస్కెట్‌బాల్ చూడడానికి వచ్చినప్పుడు ఆ నాయనమ్మ, పాలస్తీనా పిల్లవాడి తల్లి అరబ్బీలో మాట్లాడుకోవడం నేను విన్నాను. ఏమనుకున్నారో తెలియదు. నవ్వుకున్నారు. అది 2023 అక్టోబరులో హమాస్ దాడి, గాజా యుద్ధం మొదలవడానికి ముందు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఒప్పుకోవాలి. ఆ ఇద్దరు పిల్లలూ మా ఇంట్లో పప్పన్నం తిని పెరిగారు. పంది మాంసం భయం లేదు, గిన్నెల దగ్గర పట్టింపులూ లేవు. ఆ అక్టోబరు తర్వాత వచ్చిన పుట్టినరోజుకు నేను ఒకడిని శనివారం, ఇంకొకడిని ఆదివారం పిలిచాను. "ఇంట్లో చోటు చాలదు" అన్నాను. నాలుగు పడకగదుల ఇల్లు! పిల్లలు గొడవపడతారని కాదు, వాళ్ళ తల్లిదండ్రులు గుమ్మంలో ఎదురైతే నేను ఏం మాట్లాడాలో తెలియక. మావాడు అప్పుడేమీ అనలేదు. మొన్న అన్నాడు: "నువ్వు కూడా కుర్చీ తీసేశావు."

నా సమర్థన కోసం భారతదేశాన్ని పిలిచాను. 1947లో ఐక్యరాజ్యసమితిలో పాలస్తీనా విభజనకు మనం వ్యతిరేకంగా ఓటేశాం, 1950లో ఇజ్రాయెల్‌ను గుర్తించాం, 1988లో పాలస్తీనాను గుర్తించాం, 1992లో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకున్నాం అని గొప్పగా చెప్పాను. "అయితే మనం ఎటు?" అన్నాడు. ఢిల్లీలో తీన్‌మూర్తి విగ్రహాల సంగతి ఎత్తాను. చదువుకునే రోజుల్లో బస్సులో వాటి పక్కనుంచే వెళ్ళేవాడిని. ఆ మూడింటిలో ఒకటి నిజాం గుర్రపుదళం హైదరాబాద్ లాన్సర్లదని, వాళ్ళు మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా వైపు వెళ్ళినవాళ్ళని మాత్రం ఎప్పుడూ ఆరా తీయలేదు. "వాళ్ళను ఎవరు వెళ్ళమన్నారు?" "బ్రిటిష్ వాళ్ళు." ఆ సంభాషణ అక్కడితో ముగిసింది.

మనకెందుకు అన్నది మా ఇంట్లో నేను నేర్పిన పాఠం. వీసా మీద వచ్చినవాళ్ళం, వానొస్తే చూరు కింద నిలబడడమే తప్ప ఇంటి తగాదాలో తలదూర్చకూడదని. అది పిరికితనమా, మర్యాదా అన్నది నాకు ఇప్పటికీ తేలలేదు. పోనీ నేను అన్ని తగాదాల్లోనూ ఇంత నిదానపరుడినా అంటే, ఊళ్ళో నాన్న కట్టిన ఇంటి పక్కన మూడు సెంట్ల స్థలం గురించి ఆరేళ్ళుగా అన్నయ్యతో మాటలు లేవు. ప్రతి సంక్రాంతికీ ఆ హద్దురాయి కథ పిల్లలకు మళ్ళీ చెబుతాను, నా వైపు నుంచే. దీన్ని దానితో పోల్చడం అన్యాయం. ఇక్కడ ఎవరూ చావలేదు, ఎవరి ఊరూ పోలేదు. పోల్చినది నేను కాదు, మావాడు. "పెదనాన్నతోనే మాట్లాడవు, నన్ను బెగిన్‌గా కూర్చోమంటావా?" అన్నాడు.

నిన్న టీచరు ఒక మెట్టు దిగారట. పాలస్తీనా వాళ్ళ కోసం ఒక ఖాళీ కుర్చీ వేశారు. గంట కొట్టే పిల్లవాడు ఆ కుర్చీ చూసి, "నేనున్నాను కదా, ఖాళీగా ఎందుకు?" అన్నాడట. సాదత్ వేషం వేయాల్సినవాడు కూడా లేచి వాడి పక్కన నిలబడ్డాడట. వాడు తన ఇంట్లో ఏం చెప్పుకున్నాడో, వాళ్ళ నాన్న ఏమన్నాడో నాకు తెలియదు. ఫోన్ చేసి అడగవచ్చు. చేయలేదు.

టీచరుకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "మావాడిది మొండితనమే గానీ, వేరే అభ్యాసం ఏదైనా ఇస్తే మార్కులు పోకుండా చేస్తాడు" అని మొదలుపెట్టాను. మా ఆవిడ చదివి ఆ వాక్యం కొట్టేసింది. అది పోయాక ఉత్తరంలో పలకరింపు, నా సంతకం మిగిలాయి.