రెండో కృష్ణుడి శ్రుతి నాలుగే

పద్యనాటకాలకి హార్మోనియం వాయించడం మొదలుపెట్టి ఈ నెలకి ఎనిమిది నెలలు. ఆదివారాలు గుంటూరు బ్రాడీపేటలో ఒకరింటి మేడ మీద రిహార్సల్స్, తిరునాళ్లప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో ప్రదర్శనలు. ఇప్పటికి ఐదు నాటకాలకి కూర్చున్నాను.

మొదటి మూడు నెలలూ నాది ఒకటే తప్పు, ఎక్కువ వాయించడం. పాటలు వాయించే అలవాటుతో వచ్చినవాణ్ణి, పద్యానికేమో తాళం లేదు. ఉత్పలమాలలో యతి పదో అక్షరం కదా, అక్కడ ఆగుతారనుకుని బిట్, అంటే చిన్న స్వరాల ముక్క, వేసేవాణ్ణి. నటుడు యతి చూసుకుని ఆగడు. మాట తెగినచోట, ఊపిరి కావలసినచోట ఆగుతాడు. మాస్టారు ఒకరోజు నా చెయ్యి పట్టుకుని ఆపి, "మెట్లు కాదు బాబూ, ఆయన భుజాలు చూడు" అన్నారు. భుజం లేచిందంటే ఊపిరి తీస్తున్నట్టే. ఇప్పుడు పద్యం నడుస్తున్నంతసేపూ గొంతు వెనకే సన్నగా పట్టుకుని ఉంటాను. ఆయన ఆగినప్పుడు మాత్రం చివరి ముక్క అందుకుని తిరిగి ఇస్తాను. అందుకే స్టేజీ కింద, నటుడు పూర్తిగా కనిపించేచోటే కూర్చుంటున్నాను.

ఇక శ్రుతి, అంటే నటుడి గొంతుకి సరిపడే ఆధార స్వరం సంగతి. అంకె పెరిగేకొద్దీ స్థాయి పెరుగుతుంది. రాయబారం ఆడేటప్పుడు ఒక్కో సీనుకి ఒక్కో కృష్ణుడు వస్తాడు. మా బృందంలో పడకసీను కృష్ణుడిది నాలుగున్నర, రాయబారం కృష్ణుడిది నాలుగు. పోయిన నెల టెన్షన్‌లో రెండో ఆయనకీ నాలుగున్నరలోనే రాగం అందించాను. పాపం, మొదటి పాదం ఎలాగో లాగారు కానీ పై షడ్జం (పై 'స') దగ్గర గొంతు జీరపోయింది. మర్నాడు ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాను.

ఆ రాత్రే ఒక అట్టముక్క తయారుచేసుకున్నాను. సీను, పాత్ర, శ్రుతి, పద్యం ఎత్తుగడ, రాగం వరసగా రాసి పెట్టె మీద అంటించాను. నాది స్కేల్ ఛేంజర్ కాబట్టి మెట్ల పలక జరిపితే చాలు, కాకపోతే ఏ మెట్టూ నొక్కి ఉండకూడదు. తబలా ఆయనకి అంత సులువు కాదు, సుత్తితో కొట్టి సరిచేసుకోవాలి. అందుకని సీను మారడానికి నాలుగు డైలాగుల ముందే సైగ చేస్తున్నాను.

వన్స్‌మోర్ పడితే పద్యం మళ్లీ మొదటినుంచీ. తర్వాతి డైలాగు మొదలయ్యేదాకా షడ్జం మీంచి వేలు తీయడం లేదు.

తిరునాళ్ల దుమ్ముకి మంద్రపంచమం (కింది స్థాయి 'ప') మూగబోయింది. పలక విప్పి, రీడు నాలుక కింద పలచటి కాగితం దూర్చి మెల్లగా లాగితే ధూళి వచ్చేసింది. నాలుకని మాత్రం వంచకూడదు, శ్రుతి చెడుతుంది.

వచ్చే ఆదివారం కాటిసీను, నాకు మొదటిసారి. హరిశ్చంద్రుడిది ఐదు శ్రుతి అని చెప్పారు. ప్రస్తుతానికి అట్ట మీద పెన్సిల్‌తో రాశాను. రిహార్సల్‌లో ఆయన గొంతు విన్నాక పెన్నుతో దిద్దుతాను.